మిషన్ కండ్లకు బొట్టు

మిర్యాలగూడలో రైసు మిల్లు డ్రైవర్ని నేను. డ్రైవర్ అంటే లారీ నడిపేవాడు కాదు, మిల్లు నడిపేవాడు. వడ్లు పైకెక్కిన కాడి నుంచి బియ్యం బస్తాలో పడే దాకా ఏ బెల్టు తెగినా, ఏ బేరింగు అరిచినా నన్నే పిలిచేవారు. చెవి పెట్టి వింటే మిషన్‌కు ఎక్కడ నొప్పో తెలిసేది. మూడో తరగతితో బడి మానేసినవాడికి ఆ చెవే చదువు.

తొంభై ఏడులో మా సేటు నర్సయ్య రంగు చూసే మిషన్ తెచ్చాడు. అంతకు ముందు ఇరవై మంది ఆడవాళ్లు రేకుల షెడ్డు కింద వరసగా కూర్చొని, చేటల్లో బియ్యం పోసుకొని నల్ల గింజలు ఏరేవారు. ఈ మిషన్‌లో బియ్యం సన్నటి నాలీల వెంట జారుతుంటే, అద్దాల వెనక ఉన్న కెమెరాలు ఒక్కో గింజనూ చూస్తాయి. నల్లది కనబడితే గాలి ఫట్‌మని కొట్టి పక్క గోనెలోకి తోస్తుంది. లోపల కంప్యూటర్, ముందర చిన్న తెర, దాని కింద మీటలు. ఇరవై మంది వారం ఏరేది ఒక్క పూటలో ఏరేసింది.

మిషన్ మొదలుపెట్టిన రోజే రేకుల షెడ్డు ఖాళీ అయింది.

మూడో రోజు జమ్లీ వచ్చింది. ఆ ఇరవై మందిలో మంగ్లీ అని తండా నుంచి వచ్చే ఒకామె ఉండేది. ఆమె బిడ్డ. నల్లగొండలో ఐటీఐ చదివింది, ఎలక్ట్రానిక్స్. సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని ఆఫీసు లోపలికే వచ్చింది. మంగ్లీ మాత్రం గడప అవతలే నిలబడింది.

"సేటూ, కొత్త మిషన్ కాడ పని నాకియ్యాలె."

సేటుది కోదాడ. మాట కూడా అటువైపుదే. "ఏం పనమ్మాయ్? ఊడ్చే పనా?"

"నడిపే పని."

గుమస్తా ఈదయ్యకు నవ్వాగలేదు. "మీ అమ్మ పని పోయిందని మిషన్ మీదికే కొట్లాటకు వచ్చినవా పిల్లా?"

"అవు. మా అమ్మ కండ్లతోని చేసే పని అది గుంజుకున్నది. ఇగ దాని కాడ పని మాకే రావాలె. అడుక్కునుడు కాదు గిది."

మిషన్ బిగించడానికి మద్రాసు నుంచి వచ్చిన ఇంజనీరు అప్పటికింకా మిల్లులోనే ఉన్నాడు. సర్టిఫికెట్ చూశాడు. ఆమెను తెర ముందర నిలబెట్టి ఏవో అడిగాడు. ఆమె కొన్ని చెప్పింది, కొన్ని తెల్వదన్నది. తెల్వనివి తెల్వదని చెప్పినందుకే ఆయనకు నచ్చింది.

అదే పని కోసం సేటు మేనల్లుడు కోదాడ నుంచి వచ్చి కూర్చొని ఉన్నాడు. డిగ్రీ రెండుసార్లు తప్పాడు. సేటు ఇంజనీరు మాట తీసెయ్యలేకపోయాడు, చెల్లెలి మాటా తీసెయ్యలేకపోయాడు. ఇద్దరూ నేర్చుకోండి, దసరా దాటినాక ఎవరుండాలో తేలుస్తానన్నాడు. అప్పటి దాకా హాజరు రాసే మస్టర్ బుక్కులో మేనల్లుడి పేరు పక్కన ఆపరేటర్ అని, జమ్లీ పేరు పక్కన కూలీ అని రాయించాడు.

ఇంజనీరు వెళ్లిపోయాడు. మేనల్లుడు కుర్చీలో కూర్చునేవాడు, జమ్లీ నిలబడి మిషన్ చూసేది. పొద్దున్నే ముందరి మూత తెరిచి, లోపలి అద్దాలు నాలుగూ మెత్తటి గుడ్డతో తుడిచేది. ఆ మూత తెరిస్తే షాక్ కొడుతుందని మేనల్లుడికి భయం. దాని జోలికి పోయేవాడు కాదు.

ఒకనాడు లారీవాళ్ల ముందర, "ఏయ్ జమ్లీ, టీ పట్టుకురా," అన్నాడు.

"నువ్వే పోయి తే. నేను పోతే మిషన్ నీ చేతుల ఉంటది. మళ్ల బియ్యంల నల్లవి ఏరెటందుకు ఆడోళ్లను పిలవాలె."

లారీవాళ్లు నవ్వారు. మేనల్లుడు ఆ మాట మరిచిపోలేదు.

బయట కూడా ఆమెకు మంచి మాట లేదు. పని పోయినవాళ్లలో పిచ్చమ్మ అని పెద్దామె. గేటు ముందరే ఆపి అడిగింది. "మా కూడు తిన్న మిషన్‌కు నువ్వు సేవ చేస్తున్నవానే?"

"నేను చెయ్యకుంటే కోదాడోడు చేస్తడు పిచ్చమ్మత్తా. అప్పుడు మీ కూడు తిరిగొస్తదా చెప్పు, ఇప్పుడే మానేస్త."

పిచ్చమ్మ కొంగు విసురుకొని పోయింది.

నాకూ నచ్చలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మిషన్ల షెడ్డులో ఆడవాళ్లు పని చెయ్యడం నేను ఎరగను. పైగా ఆ పిల్ల నన్ను ఒక్క మాట అడిగేది కాదు. చెవి పెట్టి వింటే దొరికే రోగాలు కావు ఆ మిషన్‌వి. ఇరవై రెండేళ్లు మిల్లుకు పెద్దను, ఆ ఒక్క మిషన్ ముందర చిన్నపిల్లవాడిలా నిలబడేవాడిని. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు కాబట్టి ఈ సంగతి ఎవరికీ తెలియదు.

దసరా వచ్చింది. మిషన్లకు పూజ చేసేది నేనే. పూజ నాడు ఆడవాళ్లు షెడ్డు లోపలికి రాకూడదని నాకు పని నేర్పిన మా ఉస్తాద్ పెట్టిన కట్టు, నేనూ అదే నడిపించాను. జమ్లీ వాకిట్లోనే నిలబడి చెప్పింది.

"కాకా, మిషన్ మీద ఎన్ని బొట్లన్న పెట్టు, దండ ఎయ్యి, కొబ్బరికాయ కొట్టు. మూత మాత్రం తియ్యకు. లోపలి అద్దాలకు ఏం తాకొద్దు."

నేను మొఖం తిప్పుకున్నాను.

కొబ్బరికాయలు కొట్టాం. పసుపు తడిపి, కుంకుమ అద్ది మోటర్లకు, ఎలివేటర్‌కు, పాలిషర్‌కు బొట్లు పెట్టాను. హమాలీలు ప్రసాదం తీసుకొని పోయారు. నేనొక్కడినే మిగిలాను. ఇన్నిటికి పెట్టి, అసలు చూసే కండ్లకు పెట్టకపోతే ఎట్లా అనుకున్నాను. కొత్త మిషన్, దిష్టి తగులుతుందని కూడా అనుకున్నాను. అవన్నీ సాకులు. ఆ పిల్ల వద్దన్నదని పెట్టాను. మూత తీసి, నాలుగద్దాలకూ నాలుగు నిండు బొట్లు.

తెల్లారి కేరళ లారీలు మూడు వచ్చి ఉన్నాయి. వాళ్ల ముందర గొప్పకు మేనల్లుడు, జమ్లీ రాకముందే మిషన్ వేశాడు. మల్లెపూవు లాంటి బియ్యం ధారగా పోయి నల్ల గింజల గోనెలో పడుతోంది. గాలి ఆగకుండా కొడుతూనే ఉంది. మేనల్లుడు ఒక మీట నొక్కాడు, తరవాత ఇంకోటి, ఆ తరవాత అన్నీ నొక్కాడు. తెర మీద ఎన్నడూ చూడని అక్షరాలు వచ్చాయి. నల్ల గింజలు అక్కడక్కడా మంచి బియ్యంలోకే పోవడం మొదలుపెట్టాయి.

సేటు పరుగెత్తుకొచ్చాడు. అదే సమయానికి జమ్లీ వచ్చింది.

"నేను ముందే చెప్పాను మామయ్యా," అన్నాడు మేనల్లుడు. "ఆడవాళ్లు తిరిగే చోటా ఇది? పండగ పూట ఏ మైలతో ముట్టుకుందో ఏమో!"

సేటు ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఇంటికెళ్లు. ఇక గేటు లోపలికి రావద్దు."

తప్పు నా బొట్లదని నాకు అప్పుడే అర్థమైంది. నా నోరు లేవలేదు. చెప్పని ఆ మాట నా ఒంట్లో ఇప్పటికీ ఉంది.

జమ్లీ ఇంటికి పోలేదు. నేరుగా వచ్చి స్విచ్చి ఆపింది. మూత ఎత్తి తల లోపల పెట్టి చూసింది. వేలితో ఏదో తాకింది. మూత మూసింది. వేలు చున్నీకి తుడుచుకొని ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది. నా చేతుల దగ్గర ఆగింది. నా గోర్లలో పసుపు ఇంకా పోలేదు.

నా పేరు చెబుతుందనుకున్నాను. చెబితే సరిపోయేది. ఆమె తప్పు లేదని తేలేది.

"ఏమైందో నాకు తెల్సు," అన్నది. "గంటల బాగైతది. కానీ నేను కూలీదాన్ని సేటూ. ఊడ్సుడు నా పని. ఆపరేటర్ ఉన్నడు కదా, చేస్తడు."

"బెదిరిస్తున్నావా?"

"లేదు. మీ మస్టర్‌ల ఉన్నదే చెప్తున్న."

సేటు ఆఫీసులోకి పోయి మద్రాసుకు ఫోను చేశాడు. పండగ సెలవులు, ఇంజనీరు రావడానికి నాలుగు రోజులన్నారు. కేరళవాళ్లు పక్క మిల్లు ఎక్కడని హమాలీలను అడగడం నాకు వినబడింది. సేటుకూ వినబడింది. బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ముత్తయ్యా, నువ్వు చూడు. ఇరవై రెండేళ్ల డ్రైవరువి. ఆ పిల్లకు కనపడింది నీకు కనపడదా?"

తడిగుడ్డ పని అనుకున్నాను. నాలుగు నిమిషాలు పట్టదు. నేను మూత తీస్తే చాలు, సేటు నన్ను మెచ్చుకుంటాడు, జమ్లీ గేటు అవతల ఉంటుంది. మేనల్లుడు కుర్చీలో ఉంటాడు. ఆమె నా వైపు చూడటం లేదు. గోడకున్న స్విచ్చిని చూస్తోంది.

"నాతోని కాదు సేటూ. గా పిల్లతోనే అయితది," అన్నాను.

హమాలీలు నన్ను చూశారు. ఇరవై రెండేళ్లలో ఆ మాట నా నోట వినడం వాళ్లకు అదే మొదలు. నాకూ అదే మొదలు.

సేటు లారీల వైపు చూశాడు. తరవాత, "ఈదయ్యా, మస్టరు తే," అన్నాడు.

ఈదయ్య బుక్కు తెచ్చి బియ్యం బస్తా మీద పెట్టి రాశాడు. జమ్లీ వంగి చదివింది.

"ఈదయ్య మామా, ఆపరేటర్ పక్కన తాత్కాలికం అని రాసినవేంది? ఆయన పేరు కాడ లేకుండె గదా. కొట్టెయ్యి."

ఈదయ్య సేటును చూశాడు. సేటు తల ఊపాడు. తాత్కాలికం పోయింది.

"సేటు సంతకం."

అదీ అయింది.

"మరి నేను?" అన్నాడు మేనల్లుడు.

"నేర్సుకుంటనంటే రేపు ఆరు గంటలకు రా. ముందు ఊడ్సుడు నేర్పిస్త."

హమాలీల్లో కిష్ట్యా అనేవాడు నవ్వాపుకోలేక బస్తాల వెనక్కి పోయాడు.

"అందరు బయటికి పోండ్రి," అన్నది జమ్లీ. "కాకా, నువ్వుండు."

షెడ్డు తలుపు దగ్గరికి వేసింది. మూత ఎత్తింది. మెత్తటి గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది.

"తుడువు."

తుడిచాను. నేను పెట్టిన బొట్లు నేనే. మొదటి అద్దం అయింది, రెండోది అయింది. మూడోదాని మీద కుంకుమ ఎండి పట్టుకుంది.

"గట్టిగ రుద్దకు, గీతలు పడ్తయి."

నాలుగూ అయినాక, "బిడ్డా..." అన్నాను.

"మాట్లాడకు కాకా. ఎన్నడు మాట్లాడనోనివి, ఇప్పుడెందుకు?"

తెర ముందర కూర్చున్నది. మేనల్లుడు నొక్కిన మీటలన్నీ ఒక్కొక్కటే సరిచేసుకుంటూ వచ్చింది. అది గుడ్డతో అయ్యే పని కాదు, నాతో అయ్యేదీ కాదు. నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను. గంట కాలేదు. బియ్యం వదిలింది. తెల్లవి ఇటు, నల్లవి అటు. గాలి ఎప్పుడు కొట్టాలో అప్పుడే కొట్టింది.

"అసలు ఏమైందమ్మాయ్?" అన్నాడు సేటు లోపలికి వచ్చి.

"కంట్ల నలుసు పడ్డది. తీసిన. లారీ ఎత్తించండ్రి."

ఇంతే అయితే బాగుండేది. కానీ ఏరే పని పోయిన ఇరవై మందిలో ఒక్కరికీ మళ్లీ పని రాలేదు. మంగ్లీ తిరుమలగిరి వైపు పత్తి ఏరడానికి పోయింది. బిడ్డ ఆపరేటర్ అయింది కదా, ఇంట్లో కూర్చోవే అంటే, నా కండ్లు బాగనే ఉన్నయి అన్నదట. పిచ్చమ్మ మాత్రం జమ్లీ ఎదురైతే ఆగి మాట్లాడడం మొదలుపెట్టింది. ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు.

మేనల్లుడు మరునాడు ఆరు గంటలకు రాలేదు. నాలుగో రోజు వచ్చాడు. నేర్చుకున్నాడు కూడా.

తొంభై తొమ్మిదిలో సూర్యాపేటలో రెండు మిల్లులు, కోదాడలో మూడు మిల్లులు అవే మిషన్లు తెచ్చాయి. అన్నిటినీ చూసుకోవడానికి మిషన్ కంపెనీకి ఒక మెకానిక్ కావలసి వచ్చింది. మద్రాసు ఇంజనీరు జమ్లీ పేరు రాసి కాగితం పంపాడు. ఆ కాగితం పట్టుకొని ఆమె ఆఫీసులోకి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"నేను పంపను," అన్నాడు సేటు. "మా మిల్లులో నేర్చుకొని ఊరందరి మిల్లులూ బాగు చేస్తావా? ఆడపిల్లవు, ఒక్కదానివే సామాను సంచి వేసుకొని ఊళ్లు పట్టి తిరుగుతావా?"

"తిరుగుత. మీ మేనల్లునికి అన్ని నేర్పిన. ఇక్కడి మిషన్ ఆగదు. సోమవారం నుంచి నేను సూర్యాపేటల ఉంట."

"నన్ను అడగకుండానే?"

"అడుగుతలేను సేటూ. చెప్తున్న."

సేటు నా వైపు చూశాడు. "నువ్వయినా చెప్పు ముత్తయ్యా."

చెప్పాను.

"ఆరున్నరకు సూర్యాపేట బస్సున్నది బిడ్డా. దాంట్లనే ఎక్కు. ఏడు గంటల దాంట్ల సీటు దొరకది."