ఉరికే మనిషికీ అదే వెలుతురు

ఇల్లు అలకాలి. బర్రెను పిండాలి. బావి నుంచి ఆరు బిందెల నీళ్లు మోయాలి. అత్తకు వేడినీళ్లు కాచాలి, భర్త భీమయ్యకు అంబలి పెట్టాలి, ఆరేళ్ల కూతురు పుష్పకు తల దువ్వాలి. జొన్నలు విసరాలి. ఇవన్నీ బాలనర్సమ్మకు రోజూ ఉండేవే. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, చలికాలంలో, వీటికి ఇంకొకటి కలిసింది. మంజులతకు జొన్నరొట్టె కొట్టడం నేర్పాలి.

మంజులత పట్నంలో బీఎస్సీ వదిలేసి సాయుధ పోరాట దళంలో కలిసిన పిల్ల. దళం చెదిరిపోయాక నార్కట్‌పల్లి దగ్గరి ఈ ఊరికి వచ్చి, బాలనర్సమ్మకు కొల్లాపూర్ దిక్కు చెల్లెలినని చెప్పుకుని ఆమె ఇంట్లో దాగింది. పోలీసులకు ఒక ఉపాయం తెలుసు. కొత్త ఆడమనిషి కనబడితే పొయ్యి ముందు కూర్చోబెట్టి రొట్టె కొట్టమంటారు. చదువుకున్న పిల్లయితే అది చేతుల్లోనే చిట్లిపోతుంది.

"వారంల నేర్వకుంటే పంపియ్యి. మనందరి పానాల మీదికొస్తది," అన్నాడు భీమయ్య, మంచం దిగకుండానే.

ఇద్దరూ విసుర్రాయికి చెరోవైపు కూర్చున్నప్పుడు మంజులత తన చదువు సంగతులు చెప్పేది. ఉరికే బండిలోంచి రాయి విసిరితే బండి జోరు రాయికి కలుస్తుందట. బండికి కట్టిన కందిలి వెలుతురుకు మాత్రం కలవదట. బండి నిలబడినా ఉరికినా వెలుతురు వేగం ఒక్కటేనట.

"ఎందుకు?" అంది బాలనర్సమ్మ.

అనేశాక తనే భయపడింది. పుట్టింట్లో ఆ మాటంటే నాయిన కసిరేవాడు. ఇక్కడ అత్త నర్సింగమ్మ, నీకెందుకే గవన్నీ, పొయ్యి చూస్కో అనేది. భీమయ్య నవ్వేవాడు. ఆ నవ్వు తిట్టుకన్నా లోతుగా దిగేది. మంజులత నవ్వలేదు. రాయి తిప్పడం ఆపి, కాసేపు ఆలోచించింది.

"కూసున్నోనికి, ఉరికేటోనికి ప్రకృతి ఒక్కటే కాయిదా, ఒక్కటే రూలు పెట్టిందక్కా. వెలుతురు వేగం గా కాయిదాల్నే ఉన్నది. గందుకే ఎవరు కొలిచినా ఒక్కతీరే వస్తది. గది మారకుండ ఉండెతందుకు కాలము, దూరమే సర్దుకుంటయి."

"గట్ల ఎందుకు పెట్టింది?"

"గది నాకు తెల్వదక్కా. మా సార్లకు గూడ తెల్వదు. శానా మంచి మాట అడిగినవ్."

ఆ రోజంతా బాలనర్సమ్మకు ఏ పని చేస్తున్నా అదే తలపు. ఈ ఇంట్లో కూర్చునేది ఒకరు, ఉరికేది ఒకరు. ఇద్దరికీ ఒకే కాయిదా ఎన్నడూ లేదు. సర్దుకునేది ఎప్పుడూ తనే. ఎక్కడో కాలం కూడా సర్దుకుంటుందట! అంత చదివిన పిల్ల తన ముందు, నాకు తెల్వదు అని ఒప్పుకుంది. బావి దగ్గర బిందె ముంచుతూ బాలనర్సమ్మ ఎందుకో ఏడ్చింది, అయినా మనసుకు హాయిగా ఉంది.

ఎనిమిదో రోజు పోలీసులు వచ్చారు. జమాదారు మంజులతను చూసి పొయ్యి చూపించాడు. పిల్ల కూర్చుని పిండి కలిపింది. రొట్టె బాగానే పెరిగింది. పెంక మీద వేయబోతే అంచు మూడు చోట్ల చీలింది. జమాదారు లేచి నిలబడ్డాడు.

బాలనర్సమ్మ రొట్టె అంటే ఆ వాడలో పేరు. అత్త కూడా వంక పెట్టలేని పని ఆమెకు అదొక్కటే. ఆమె మంజులతను పక్కకు జరిపి తను కూర్చుంది. పిండిలో కావాలనే నీళ్లు తక్కువ పోసింది. కొట్టింది. అందరూ చూస్తుండగా రొట్టె ముక్కలైంది.

"మా అవ్వ మాకు గింతనే నేర్పింది సారూ," అంది, తల దించకుండా. "పెండ్లయి పన్నెండేండ్లాయె. మా ఆయన రోజూ గిదే తింటడు. అడుగున్రి."

అందరూ భీమయ్యను చూశారు.

"అవ్ సారూ. ఈళ్లింటి ఆడోళ్ల చేతులే గంత."

జమాదారు అతని మీద జాలిపడి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నర్సింగమ్మ ఆ ముక్కలన్నీ పోగుచేసి తనే తినేసింది.

మూడో నాడు మంజులత చౌటుప్పల్ వైపు కూలికి పోయే ఆడవాళ్లలో కలిసి బయలుదేరింది. నా కోసం పానం అడ్డం పెట్టినవక్కా అని చేతులు పట్టుకుంది.

"నువ్వు నాకు జవాబు చెప్పినవ్ చెల్లె," అంది బాలనర్సమ్మ.

ఆ తర్వాత మంజులత కబురు ఎవరికీ అందలేదు. జూన్‌లో బాలనర్సమ్మ పుష్ప చెయ్యి పట్టుకుని బడికి బయలుదేరింది. ఆడపిల్లకు చదువెందుకు అన్నాడు భీమయ్య.

"అడిగినవ్ గదా. కూసో, చెప్త," అంది ఆమె. అతను కూర్చున్నాడు.

దళాల్లో పనిచేసినవాళ్ల పేర్లు చెప్పుకునేటప్పుడు మంజులత పేరు ఎవరూ తలవరు. మీ ఇంట్లో ఏ ఆడమనిషైనా ఎందుకు అని అడిగితే, నవ్వే ముందు ఒక్కసారి ఆ పిల్లను గుర్తు చేసుకోండి.