కిరీటం మా ఇంటికొచ్చింది

"ఇంకాస్త పుదీనా వెయ్యవే, నీచు వాసనొస్తోంది" అన్నారు మా అత్తగారు ఫిలొమెనా, నా చేతిలోంచి గరిటె తీసుకుని రుచి చూసి, మళ్ళీ నా చేతిలోనే పెట్టి.

పవిత్రాత్మ పండుగ రోజు. మా సంఘం హాలు వెనక వంటింట్లో తెల్లవారినప్పటి నుంచీ నిలబడే ఉన్నాను. గొడ్డుమాంసం పులుసు మరిగించి, రొట్టె ముక్కల మీద పోసి, వచ్చినవాళ్ళందరికీ డబ్బు తీసుకోకుండా పెట్టాలి. మా తాతలు పోర్చుగల్‌కి చెందిన అజోర్స్ దీవుల నుంచి ఈ కాలిఫోర్నియా లోయకు ఆవులు కాయడానికి వస్తూ ఈ పండుగనూ వెంట తెచ్చుకున్నారు. క్యాబేజీ తరిగేది మేము, చివర్లో గరిటె పట్టుకుని ఫొటో దిగేది మగవాళ్ళు. ఏప్రన్ జేబులో నా ఫోన్ ఉంది. యూనివర్సిటీలో సీటొచ్చింది. వస్తానో రానో ఇవాళ రాత్రిలోగా చెప్పాలి.

మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ చదువుకి నాకు ఆరేళ్ళు పట్టింది. మామగారి గుండె ఆపరేషన్‌కి ఒకసారి మానేశాను. ఆడపడుచు పెళ్ళికి ఒకసారి. మా డెయిరీలో పాలు పితికే మనిషి పనిలోంచి వెళ్ళిపోతే మరోసారి. మైక్రోబయాలజీ నాకు ప్రాణం, దాన్నే మానేయాల్సి వచ్చింది. మానేసిన ప్రతిసారీ ఆ కాలేజీ నన్ను మళ్ళీ చేర్చుకుంది, ఒక్క మాట అనలేదు. దాంతో చదువంటేనే అంత అని మా ఇంట్లో తేలిపోయింది, ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుందని. "ఈ క్లాసులు ఎందుకు మానేశారు?" అని యూనివర్సిటీవాళ్ళు అడిగితే "కుటుంబ కారణాలు" అని రాశాను. ఎవరి బట్టలుతికాను, ఎవరి మంచం పక్కన కూర్చున్నాను, ఎవరి ఆవుల పొదుగులు కడిగాను, అవన్నీ ఆ రెండు మాటల్లో ఇమిడిపోయాయి. అది రాసిన రోజు నా మీద నాకే ఒళ్ళు మండింది.

"వచ్చే ఏడు వెళ్దువులే, సీటెక్కడికి పోతుంది?" అన్నాడు నిన్న రాత్రి మా ఆయన ఎవరిస్తో, బూట్లు విప్పుతూ.

"పోతుంది. అది మన కాలేజీ కాదు. ఇప్పుడు కాదంటే మళ్ళీ మొదట్నించీ అడగాలి. ఇస్తారన్న నమ్మకం లేదు."

"అంత పొగరున్న చోటికి మనమెందుకే?"

పదమూడేళ్ళ కాపురంలో నాకు సంబంధించిన విషయంలో ఆయన "మనం" అన్నది అదే మొదటిసారి.

హాల్లో చప్పట్లు వినిపించాయి. వచ్చే ఏడు వెండి కిరీటం ఎవరింట్లో ఉండాలో చీటీ తీస్తున్నారు. ఎవరి పేరొస్తే ఆ ఇంట్లో వారం రోజులు కిరీటాన్ని నిలిపి, రోజూ జపమాల చెప్పించి, వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టాలి. ఇష్టమైనవాళ్ళే పేరు వేస్తారు. నేను వేయలేదు. మైకులో మాత్రం "ఒడీలియా, ఎవరిస్తో!" అని మా ఇద్దరి పేర్లే వినపడ్డాయి.

కత్తి పక్కన పెట్టి తిరిగి చూశాను. అత్తగారు నవ్వుతున్నారు.

"నేనే వేయించా. దేవుడే ఆపాడు చూశావా? కిరీటం ఇంటికొస్తుంటే కోడలు ఊళ్ళో లేకపోతే నలుగురూ ఏమంటారు? ఏడాది ముందునుంచీ ఎంత పనుంటుంది! చదువు ఆ తర్వాతైనా ఉంటుంది."

"ఆపింది దేవుడు కాదత్తయ్యా, మీరు."

ఆవిడ ముఖం ముడుచుకుంది. చీటీలో ఆ పేరు రాసిన చేతికి నన్ను ఒక్కమాట అడగాలని తోచలేదు. నేనూ ఆ ఇంటి సామానులో ఒకదాన్నేగా! ఫోన్ తీశాను. జిడ్డు వేలికి తెర పలకలేదు. ఏప్రన్‌కి వేలు గట్టిగా తుడుచుకుని మళ్ళీ నొక్కాను. "వస్తున్నాను."

అలాగే, ఏప్రన్‌తోనే హాల్లోకి నడిచాను. చీటీ తీసిన పెద్దాయన కిరీటం ఉన్న పళ్ళేన్ని నా చేతికిచ్చి, రెండు మాటలు చెప్పమని మైకు ముందుకు జరిపాడు.

"కిరీటం మా ఇంటికి వస్తున్నందుకు సంతోషం. సెప్టెంబరు నుంచి నేను యూనివర్సిటీలో ఉంటాను. వారం రోజులూ మీకు వండి పెట్టేది మా ఆయన."

హాలంతా గొల్లున నవ్వింది. మంచి జోకేశానని అనుకున్నారు. నేను నవ్వలేదు. ముందు వరుసలో ఉన్న ఎవరిస్తో దగ్గరికి వెళ్ళి పళ్ళెం ఆయన చేతుల్లో పెట్టాను. నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"నాకు వంటేం వచ్చే?" అన్నాడు పళ్ళు కొరుకుతూ, నాకొక్కదానికే వినపడేలా.

"మన కాలేజీలో వంట క్లాసుంది" అన్నాను. "ఎన్నిసార్లు మానేసినా మళ్ళీ చేర్చుకుంటారు."