పంక్తి మధ్యలో

గుమ్మం పక్క విస్తరి దగ్గరే కూర్చోవలసింది, ముందు అదే చూసుకున్నాడు, చెప్పులు కూడా ఆ వైపే విడిచాడు, అంతలో మామగారు భుజం పట్టుకుని, అదేవిటల్లుడుగారూ, మీరు తాతగారి పక్కన కదా అంటూ లాక్కొచ్చి పంక్తి నడిమధ్యన కూలేశారు, ఇప్పుడు కుడిపక్క భార్య తన్మయికి తాతగారు దత్తాత్రేయ, ఎడంపక్క బావమరిది గోవింద్, వెనక గోడ, ముందు వడ్డించేవాళ్ళు, గుమ్మం ఎక్కడో ఆ చివర, ఔపోశన కూడా అయిపోయింది, ఇంక లేవడానికి వీల్లేదు, ఆ మాట మనసులో మెదలగానే కామేష్ గుండె ఒక్క తన్ను తన్నింది, ఇదిగో, వచ్చేసింది.

ఈ ఇంట్లో పంక్తిలో ఒకరు లేస్తే అందరి భోజనమూ అయిపోయినట్టే, మిగతావాళ్ళు నవ్వేసి మళ్ళీ కూర్చుంటారు, తాతగారు కూర్చోరు, ఆయనది ఒంటిపూట భోజనం, విస్తరి వదిలారంటే రేపు మధ్యాహ్నం దాకా మంచినీళ్ళే, ఎనభై దాటి ఇవాళ సహస్ర చంద్ర దర్శనం వేడుక చేసుకుంటున్న మనిషి, పైగా ఇందాకే తన్మయి ఆయనకి ఇన్సులిన్ సూది వేసింది, సూది పడ్డాక అన్నం పడకపోతే ఏమవుతుందో కిందటేడే చూశారు, కళ్ళు తేలేశారు, విజయనగరమంతా ఆంబులెన్సులో తిప్పారు, అంటే లేస్తే ఆయన పోతారు, లేవకపోతే తను పోతాడు, తన్మయి నెయ్యి గిన్నె పట్టుకుని వస్తోంది, నవ్వుతోంది, ఇన్నాళ్ళకి మొగుడు తన పుట్టింటివాళ్ళ పంక్తిలో కూర్చున్నాడని, కామేష్ చొక్కా వీపుకి అంటుకుపోయింది, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, గాలి చాలడం లేదు, ఇంతమంది పీల్చేస్తున్నారు, తనకి మిగలడం లేదు.

మొదటిసారీ ఇంతే, కొత్తవలస స్టేషను ముందు రైలు ఊరికే ఆగిపోయింది, కదలదు, దిగడానికి లేదు, అప్పుడు తన్నింది గుండె, ఎలాగో దిగి ఆటోలో పడితే అసిరయ్యని ఒక ఆటోవాడు అద్దంలోంచి చూసి, గుండేటి కాదు బాబూ, గేసు, సోడా తాగీండి, పోతాది అన్నాడు, పోలేదు, ఈసీజీ తీశారు, ఎకో తీశారు, అన్నీ నార్మల్ అన్నారు, నార్మల్ అన్నకొద్దీ భయం పెరిగింది, యంత్రాలకి కూడా దొరకనంత లోతున దాక్కుందన్నమాట, ఆపైన రైలు మానేశాడు, ఉద్యోగం చేసే ఆమదాలవలస కాలేజీకి మోటారు సైకిల్ మీదే, సినిమా మానేశాడు, మంగలి షాపులో మెడకి గుడ్డ చుట్టగానే లేచి వచ్చేశాడు, పెళ్ళిళ్ళూ పేరంటాలూ వదిలేశాడు, తన్మయి అడిగినప్పుడల్లా గేస్ అన్నాడు, అసిరయ్య ఇచ్చిన మాటే, చివరికి డాక్టర్ జగదీశ్వరి దగ్గరికి చాటుగా వెళితే ఆవిడ అంతా విని, మీ గుండె నిక్షేపంలా ఉంది, జబ్బు చేసింది మీ భయానికి, ప్రమాదం లేకుండానే కేకలు పెడుతోంది, దీన్ని పేనిక్ డిజార్డర్ అంటాం, మాత్రలు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా అది వచ్చినప్పుడు పారిపోకండి, పారిపోయిన ప్రతిసారీ బలుస్తుంది, ఉన్నచోటే ఉండండి, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి అంది, మాత్రలు వేసుకుంటున్నాడు, గేస్ మాత్రల డబ్బాలో దాచి మరీ, తక్కిన రెండూ చెయ్యలేదు, ఎలా చెప్పడం, మీ ఆయనకి పిచ్చటే అని తన్మయిని అడుగుతారు.

ఏటి బావా, పులిహోరలో పులి గానీ కనిపించిందా, అలా చూస్తావేం, గోవింద్ గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది, పంక్తి అంతా నవ్వింది, నోట్లో ముద్ద దిగడం లేదు, ఇప్పుడే, ఇక్కడే, వీళ్ళందరి ముందే పడిపోతాడు, గుమ్మంలో వెలుగు కనిపిస్తోంది, వెళ్ళిపో, వెళ్ళిపో, కుడి మోకాలు దానంతటదే పైకి లేచింది, అరచెయ్యి నేలకి ఆనింది, ఆ క్షణాన పక్కన ఒక చెయ్యి గాలిలో ఆగిపోయింది, ముద్ద పట్టుకున్న ముడతల చెయ్యి, తాతగారు ఆ మోకాలినే చూస్తున్నారు, ముద్ద నెమ్మదిగా మళ్ళీ విస్తట్లోకి దిగుతోంది, లేస్తావా ఏవిటయ్యా, అన్నారు.

భయంగా ఉంది తాతగారూ, అనేశాడు, ఎలా అన్నాడో తెలీదు, దేన్ని చూసి, అన్నారాయన, దేన్నీ కాదు, ఊరికే, చచ్చిపోతాననిపిస్తుంది, జబ్బట, డాక్టరమ్మ చెప్పింది, మందు వాడుతున్నాను, నెయ్యి గిన్నెలో గరిటె ఆగిపోయింది, గేస్ అన్నారు కదండీ, అంది తన్మయి, గేస్ కాదు, అబద్ధం చెప్పాను, అన్నాడు, ఊరికే వచ్చేది ఎంతసేపుంటుందోయ్, అన్నారు తాతగారు, కాసేపేనట, అన్నాడు కామేష్, అయితే పెరుగు దాకా కూర్చో, నాకు పళ్ళు లేవు, నువ్వు చచ్చి బతికేలోగా నా భోజనం ఎలాగూ అవదు, అని ముద్ద నోట్లో పెట్టుకుని నములుతున్నారు, చిగుళ్ళతో, తీరిగ్గా, ఇటే చూస్తూ.

చెప్పాక తగ్గలేదు, పెరిగింది, చెవుల్లో హోరు, కళ్ళముందు విస్తరి వంకర్లు పోతోంది, మోకాలు దించాడు, రా, ఎంతదాకా వస్తావో రా, అన్నాడు మనసులో ఆ భయంతో, తొడ మీద గోళ్ళు దిగబడ్డాయి, ఇంకా పైకి, ఇంకా, ఇంక పైన చోటు లేదు, అక్కడ ఆగింది, కాసేపు అక్కడే ఊగింది, తన్మయి వచ్చి వంగి, నెయ్యి వంపుతూ, మావాళ్ళంటే మీకు గిట్టదనుకున్నానండీ ఇన్నాళ్ళూ, అంది, గొంతు తడిగా ఉంది, కాదే, అన్నాడు, ఆ రెండక్షరాలతో పాటు ముద్ద గొంతులోంచి దిగిపోయింది, వీపు చల్లబడుతోంది, పక్కన తాతగారు పప్పులో ఉప్పు చాల్లేదని కోడలి మీద కేకలేస్తున్నారు, రైలు దిగి, మంగలి కుర్చీ దిగి, పెళ్ళిపందిళ్ళు దాటి పారిపోయిన ప్రతిసారీ, ఇది పూర్తిగా వచ్చి ఏం చేస్తుందో చూడకుండానే పారిపోయాడు, ఇవాళ పూర్తిగా వచ్చింది, ఇదే దాని చివర, ఇంతకుమించి దానికి ఏమీ చేతకాదు.