ట్రే దించకూడని సన్మానం

మడత కుర్చీని కనిపెట్టినవాడికి చేతి వేళ్ళు ఉండి ఉండవు. ఉంటే, సరిగ్గా మనం వేలు పెట్టే చోటే ఆ ఇనప సందు పెట్టి ఉండడు. కాసాబ్లాంకాలో ఒక సినగాగ్ ఉంది, అంటే యూదుల ప్రార్థనా మందిరం. దాని కింది హాల్లో అలాంటి కుర్చీలు గోడకి ఆనించి ఓ దొంతర ఉన్నాయి. తెరిచేటప్పుడు చూపుడువేలు నలుగుతుంది, మూసేటప్పుడు బొటనవేలు. కూర్చునేవాళ్ళకి ఈ బాధ తెలియదు. వాళ్ళకి తెలిసిందల్లా కుర్చీ కిర్రుమంటుందని, దానికి మఖ్లూఫ్ ఏదో ఒకటి చెయ్యాలని.

మఖ్లూఫ్ బెంజిమ్రా మందుల కంపెనీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పెళ్ళయిన కొత్తలో ఒక శనివారం ప్రార్థనకి వెళ్తే ఎవరో పెద్దాయన "అబ్బాయ్, ఆ కుర్చీ కాస్త ఇటు జరుపు" అన్నాడు. జరిపాడు. అంతే, ఆ చెయ్యి మళ్ళీ ఖాళీ కాలేదు. తలుపు తాళం ఆయన దగ్గరే, మాడిన బల్బు ఆయన దగ్గరే. పొద్దుటి ప్రార్థనకి పదిమంది మగాళ్ళు ఉండాలి కదా, తొమ్మిదిమందే తేలినరోజున పదోవాణ్ణి పక్కమీంచి లేపి, స్వెట్టరు తిరగేసి తొడిగి లాక్కొచ్చేదీ ఆయనే.

ఆయనకి ఒకే ఒక్క కోరిక ఉండేది. పైకి చెప్పుకునేది కాదు. తన పేరు ఒక్కసారి మైకులో వినపడాలి. ఆ హాల్లో ఆయన పేరు వినపడని రోజంటూ లేదు. కాకపోతే దాని వెనకాల ఎప్పుడూ ఏదో ఒకటి తగులుకుని ఉండేది. మఖ్లూఫ్ తాళం! మఖ్లూఫ్ కుర్చీ! మఖ్లూఫ్ ఆ కిటికీ! ఒక్కసారి, వెనకాల ఏమీ లేకుండా, ఉత్తి పేరు వినాలని.

ఈ వేసవిలో ఆ ముచ్చట తీరే రోజొచ్చింది. ప్రెసిడెంట్ అర్మాన్ లస్రీ కమిటీ మీటింగులో ప్రకటించాడు: కింది హాల్లో సంగీత సాయంత్రం పెడుతున్నాం, ఏళ్ళ తరబడి జీతం లేకుండా సేవ చేసినవాళ్ళని వేదిక మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ పేరు చెక్కించిన వెండి ట్రే ఇస్తున్నాం.

"నాకెందుకండీ ఇవన్నీ" అనేసి ఇంటికొచ్చాడు మఖ్లూఫ్.

"నాకెందుకన్నావా?" అంది పెర్లా, ఆయన భార్య. "వాళ్ళు నిజమనుకుంటే?"

"అనుకోరులే. మెట్లు దిగాక మళ్ళీ పైకెక్కి, చెక్కేవాడికి నా ఇంటిపేరు సరిగ్గా ఎలా రాయాలో చెప్పొచ్చాను."

"బాగానే ఉంది. మరి మీ అమ్మ సంగతో?"

మఖ్లూఫ్ కుర్చీలో కూలబడ్డాడు. వాళ్ళమ్మ చలికాలంలోనే పోయింది. తల్లి పోయిన ఏడాది తిరిగేదాకా కొడుకు సంగీతం ఉన్న వేడుకకి వెళ్ళకూడదు. ఆవిడ తొంభై దాటేదాకా ఉంది, ఇంకొక్క ఏడాది ఓపిక పట్టి ఉంటే సరిపోయేది. కానీ ఓపిక పట్టే అలవాటు ఆవిడకి ఏనాడూ లేదు.

మర్నాడే సినగాగ్ మతగురువు రబ్బీ అజెన్‌కోత్ దగ్గరికి వెళ్ళాడు.

"రబ్బీ గారూ, మా అమ్మే ఉంటే నన్ను వెళ్ళమనే అనేది."

"ఆవిడే ఉంటే నువ్వు నన్ను అడగాల్సిన పనే లేదు కదయ్యా."

రబ్బీ గడ్డం నిమురుకున్నాడు. చాలాసేపే నిమురుకున్నాడు.

"అతిథిగా వెళ్ళడానికి వీల్లేదు. పనివాడిగా వెళ్ళొచ్చు. వడ్డించేవాడి చెవిలో పాట పడితే అది వాడు విన్నట్టు లెక్క కాదు, దారిన పోతుంటే వాన తగిలినట్టు లెక్క. పూర్వం నుంచీ ఉన్న పద్ధతే ఇది."

"అయితే నేను వడ్డిస్తాను! మరి సన్మానం?"

"చేతిలో పని ఉన్నంతసేపూ నువ్వు పనివాడివి. ట్రే దించావా, అతిథివి. ఊరికే ఖాళీ ట్రే పట్టుకుని షికార్లు చేస్తే కుదరదు. నేను మొదటి వరసలోనే కూర్చుంటాను."

మఖ్లూఫ్ ఎగిరి గంతేసినంత పనిచేశాడు. పని! ఆ హాల్లో ఆయనకి ఎప్పుడూ కరువు లేనిది అదొక్కటే కదా.

అయితే సన్మానం తీసుకునేవాళ్ళ చేతే కుర్చీలు వేయిస్తే బాగుండదని ప్రెసిడెంటుకి తోచింది. ఆ సినగాగ్ పుట్టాక మొదటిసారి బయట నుంచి కేటరింగ్‌వాళ్ళని పిలిపించాడు.

"చూశావా నీ రాత?" అంది పెర్లా. "ఇన్నేళ్ళలో మొదటిసారి నీకు పని కావాలి, ఇన్నేళ్ళలో మొదటిసారి నీకు పని లేదు."

ఆ సాయంత్రం మఖ్లూఫ్ తన పెళ్ళినాటి నల్ల సూటు తొడుక్కున్నాడు. ఏడాదిలో కొత్త బట్టలు కట్టకూడదు మరి. సూటు పట్టింది, మఖ్లూఫ్ ఊపిరే పట్టలేదు. సన్మానం పొందేవాళ్ళందరూ నల్ల సూటు, మెడకి బో కట్టుకుని రావాలని ప్రెసిడెంటు హుకుం. హాల్లోకి వెళ్ళేసరికి కేటరింగ్‌వాళ్ళూ నల్ల సూట్లు, మెడకి బోలు. గోడవార మడత కుర్చీలన్నీ అప్పటికే తెరిచి ఉన్నాయి. ఎవరి వేళ్ళో నలిగాయి పాపం. మఖ్లూఫ్‌కి ఎందుకో కాస్త అసూయ కలిగింది.

వేదిక మీద ఊద్ వాయించేవాడు తీగలు బిగిస్తున్నాడు. వయొలిన్ ఆయన వయొలిన్ని మోకాలి మీద నిలబెట్టుకుని కునుకుతున్నాడు. ఈలోపే పని చేతికి రావాలి. మఖ్లూఫ్ వంటగదిలోకి పరిగెత్తాడు. వడ్డించేవాళ్ళ మేస్త్రీ ద్రిస్ గ్లాసుల్లో పుదీనా సర్దుతున్నాడు.

"తమ్ముడూ, నాకో ట్రే ఇవ్వు."

"మీరు సన్మానం తీసుకునేవాళ్ళు కదండీ. వెళ్ళి దర్జాగా కూర్చోండి."

"కూర్చుంటే నాకు పాపం."

"మీరు మోస్తే నాకు ఉద్యోగం ఊడుతుంది. అతిథి చేత చాకిరీ చేయించానంటారు."

"మా అమ్మ పోయి ఏడాది కాలేదయ్యా."

ద్రిస్ చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "అల్లా ఆవిణ్ణి కరుణించాలి. ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా! ఇందండి, పెద్దదే తీసుకోండి."

అలా మొదటి పాట మొదలయ్యేసరికి మఖ్లూఫ్ చేతిలో టీ గ్లాసుల ట్రే ఉంది. మొదటి వరసలో రబ్బీ చూసి, తల పంకించాడు. వరసల మధ్య మఖ్లూఫ్ తిరుగుతుంటే ఊద్ పాట వానలా తగులుతోంది. బాగా తగులుతోంది. ఆయన కావాలనే నెమ్మదిగా తిరిగాడు.

ఇదంతా వేదిక మీద కూర్చున్న ప్రొస్పేర్ ఒహ్నోనా కళ్ళలో పడింది. ప్రార్థన పుస్తకాలకి అట్టలు వేసేది ప్రొస్పేర్. ఆ సంగతి ఆయన చెప్పకుండా ఏ సంభాషణా ముగియదు. గబగబా మెట్లు దిగొచ్చాడు.

"ఏంటి మఖ్లూఫ్, ఇవాళ కూడానా? చూసేవాళ్ళు ఏమనుకోవాలి, మేమంతా తిని కూర్చునే రకమనా?"

"అమ్మ పోయి ఏడాది కాలేదు కదా ప్రొస్పేర్. రబ్బీ గారే చెప్పారు."

"నాకు మాత్రం అమ్మ లేదా? పోయి ఇరవయ్యేళ్ళయింది, అయినా బాధ ఉండదా?"

ఇంత మాట అనేసి పక్కనే వెళ్తున్న కుర్రాళ్ళలో ఒకడి చేతిలోంచి ఆలివ్ పళ్ళ ట్రే లాక్కున్నాడు. అది చూసి గుడ్లు, శనగల కుండలు మోసే సేవకుడు దిగాడు. తరవాత టోపీలు సర్దే ఆయన, ఆ తరవాత టోపీలు సర్దే ఆయన బావమరిది. ఎవడి సేవకంటే ఎవడి సేవా తక్కువ కాకూడదు. రెండో పాట అయ్యేసరికి సన్మానం పొందాల్సినవాళ్ళందరూ ట్రేలు పట్టుకుని హాల్లో ఒకరినొకరు డీకొడుతున్నారు. కేటరింగ్‌వాళ్ళు చేతులు కట్టుకుని గోడకి ఆని నిలబడ్డారు.

అప్పుడు ప్రెసిడెంటు లస్రీ ఉపన్యాసానికి వేదిక ఎక్కాడు. ఫోటోలో బాగుండదని కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగితే కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయని మాత్రం ఆ చూపుకి అందింది. గోడవార నల్ల సూట్లు, మెడకి బోలు కనిపించాయి.

"అక్కడేం చేస్తున్నారయ్యా? రండి, వచ్చి కూర్చోండి! జనం చూస్తున్నారు!" అని పళ్ళ సందుల్లోంచి కసిరాడు.

ద్రిస్ తనవాళ్ళ వంక చూశాడు. "మోయమంటే మోద్దాం, కూర్చోమంటే కూర్చుందాం. మనదేం పోయింది" అన్నాడు. వెళ్ళి వరసగా కూర్చున్నారు.

జనం గుర్తుపట్టరా అని మీకు అనుమానం రావచ్చు. ఆ హాల్లో ఎవరికి ఎవరు తెలియరు గనక! కానీ అన్నేళ్ళూ వాళ్ళు సేవకుల చేతులు చూశారు, చేతుల్లోని పళ్ళేలు చూశారు, మొహాల దాకా వెళ్ళే తీరిక దొరకలేదు. పైగా అప్పుడే బాదం రొట్టెలు వచ్చాయి. "ప్రొస్పేర్ ఒహ్నోనా!" అని ప్రెసిడెంటు పిలవగానే మీసాలింకా గట్టిగా రాని కుర్రాడు లేచి వెండి ట్రే అందుకుంటే, మొదటి వరసలో ప్రెసిడెంటు వాళ్ళమ్మ మదామ్ ఫోర్తునే, "ఈ ప్రొస్పేర్ వయసు ఎక్కడ దాచుకుంటున్నాడే!" అని పక్కావిడతో అంది. అసలు ప్రొస్పేర్ అప్పుడు వెనక వరసలో, మఖ్లూఫ్ కంటే తనే ఎక్కువమందికి అందించాలని, వద్దన్నవాళ్ళ చేతుల్లో కూడా ఆలివ్ పళ్ళు కుక్కుతున్నాడు.

తరవాతి పేరు మైకులో వచ్చింది.

"మఖ్లూఫ్ బెంజిమ్రా!"

వెనకాల తాళం లేదు, కుర్చీ లేదు. ఉత్తి పేరు. హాలు మధ్యలో మఖ్లూఫ్ ఒళ్ళు జలదరించింది. అలవాటైన నోరు "వస్తున్నా!" అని అరిచేసింది, అలవాటైన కాళ్ళు పరిగెత్తాయి, ట్రేతో సహా వేదిక ఎక్కాడు. వాద్యాలన్నీ ఒక్కసారి ఎత్తుకున్నాయి.

అక్కడ అప్పటికే ద్రిస్ నిలబడి ఉన్నాడు, చేతిలో వెల్వెట్ గుడ్డ మీద మెరుస్తున్న వెండి ట్రేతో.

"ఇప్పుడు టీ ఏమిటయ్యా?" అని మఖ్లూఫ్‌ని కసిరాడు ప్రెసిడెంటు. "సరే, తెచ్చావు కదా, ఇటివ్వు." గ్లాసు తీసుకున్నాడు.

ద్రిస్ వెండి ట్రే మీది పేరు చదివాడు. మఖ్లూఫ్ మొహం చూశాడు. "ఇది మీదా?" అన్నాడు గుసగుసగా.

"నాదే."

"మరి అందుకోండి."

"చేతిలోది దించకూడదు."

"ఎవరన్నారు?"

మఖ్లూఫ్ కళ్ళతోనే మొదటి వరస చూపించాడు. రబ్బీ చూపుడువేలు గాల్లో ఉంది. వాద్యాలు మోగుతున్నాయి. ట్రే కింద పెడితే వెండిది చేతికొస్తుంది, ఆ క్షణం నుంచీ తల్లి ఏడాదిలో పాటకచేరీకొచ్చిన కొడుకవుతాడు. మఖ్లూఫ్ కణతల మీంచి చెమట కారింది. తుడుచుకోడానికీ చెయ్యి లేదు.

"పట్టుకో తమ్ముడూ" అన్నాడు చివరికి. "నువ్వే పట్టుకుని నవ్వు. ఫోటో తీస్తారు."

ద్రిస్ నవ్వాడు. ఫోటో తీశారు. కానీ మనసొప్పక ద్రిస్, మఖ్లూఫ్ చేతిలోని ట్రేలో గ్లాసులు కాస్త పక్కకి జరిపి, వాటి మధ్య వెండి ట్రేని గుడ్డతో సహా పెట్టేశాడు. "చేతులు ఖాళీ లేనివాడికి ఇచ్చే పద్ధతి ఇదొక్కటేనండి" అన్నాడు. మఖ్లూఫ్ భయంభయంగా రబ్బీ వంక చూశాడు. రబ్బీ ఆలోచించి, వేలు దించాడు.

పేరు విన్నాడు. వెండి ట్రే దక్కింది. పాపం అంటలేదు. మఖ్లూఫ్ మెట్లు దిగుతుంటే అటువైపు నుంచి పెర్లా రెండు చేతులూ ఊపుతోంది. అభినందిస్తోందనుకుని మఖ్లూఫ్ నవ్వాడు. ఆవిడ "ముందు చూసుకో!" అంటోంది.

ముందు మదామ్ ఫోర్తునే ఉంది. తన ముందుకొచ్చిన ట్రేలో ఏదుంటే అది తీసుకోవడం ఆవిడకి పుట్టుకతో వచ్చిన మర్యాద.

"అయ్యో, నాకే! ఎంత మంచివాడివి నాయనా" అంటూ వెండి ట్రే తీసుకుని, గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుంది. ఒక టీ కూడా తీసుకుంది.

మఖ్లూఫ్ నోరు తెరిచాడు. అతిథి తీసుకున్నదాన్ని పనివాడు వెనక్కి లాక్కోడు. లాక్కుంటే పనివాడు కాదు. పాట ఇంకా సాగుతోంది, రబ్బీ పక్క కుర్చీలోనే ఉన్నాడు.

"ఇంకేమైనా కావాలా మదామ్?" అన్నాడు.

"చక్కెర" అందావిడ.

ఇప్పుడు ఆ ఫోటో సినగాగ్ హాల్లో వేలాడుతోంది. అందులో ద్రిస్ నవ్వుతున్నాడు, కింద మఖ్లూఫ్ బెంజిమ్రా అని రాసి ఉంది. సన్మానం జరిగిపోయింది, కావాలంటే ఫోటో చూసుకో అంటున్నాడు ప్రెసిడెంటు. వెండి ట్రే మదామ్ ఫోర్తునే ఇంటి అద్దాల బీరువాలో ఉంది. కుర్చీల మఖ్లూఫ్‌కి ఇంటిపేరొకటి ఉంటుందని ఆవిడకి తట్టలేదు. దాని మీద చెక్కిన 'మ. బెంజిమ్రా' తయారుచేసిన కంపెనీ పేరని ఆవిడ నమ్మకం. "బెంజిమ్రా వాళ్ళ సరుకు, ఇలాంటిది ఇప్పుడు దొరకదు" అని వచ్చినవాళ్ళకల్లా చూపిస్తోంది. పోయిన వారం మఖ్లూఫ్ దంపతుల్ని కూడా టీకి పిలిచింది. బీరువాలోంచి ట్రే తీసి, గ్లాసులు సర్ది, "మఖ్లూఫ్, నీకు అలవాటే కదా, అందరికీ కాస్త అందించు నాయనా" అంది.

అందించాడు. పెర్లా ఆ రోజు నుంచీ మాట్లాడటం లేదు.

త్వరలో తల్లి ఏడాది తిరుగుతుంది. అప్పుడిక మఖ్లూఫ్ ఎక్కడికైనా అతిథిగా వెళ్ళొచ్చు. కానీ తొంభై దగ్గరపడ్డ మనిషి, అందులోనూ ప్రెసిడెంటు తల్లి, ఇంత ప్రేమగా దాచుకున్నదాన్ని "అది నాదండీ" అని ఏ మొహం పెట్టుకుని అడగాలి? అడక్కపోతే పెర్లా మొహం ఎలా చూడాలి? రబ్బీని అడిగితే గడ్డం నిమురుకుంటూ ఉండిపోయాడు. ఈ కథ చెబుతున్న నాకూ పాలుపోవడం లేదు. బాబ్బాబు, మీలో ఎవరికైనా ఇలాంటిది జరిగి ఉంటే, సొంత వస్తువుతో పరాయి ఇంట్లో వడ్డించి ఉంటే, తరవాత ఏం చేశారో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. తొందరగా చెప్పండి. మంగళవారం మళ్ళీ టీకి రమ్మంది.