మంట లేని రొట్టె

రేడియో మెకానిక్ పోయాక ఆయన భార్య తిండి మీద అలిగింది. ఏం వండిపెట్టినా కాస్త కెలికి పళ్లెం పక్కకు నెట్టేసేది. కూతురు బతిమాలింది, కసిరింది, తన మీద ఒట్టు పెట్టింది. ఊహూఁ, వింటేగా! ఇలాగైతే నాన్న వెనకాలే అమ్మ కూడా పోతుందని కూతురికి భయం పట్టుకుంది.

చివరికి అటక మీంచి నాన్న చెక్కపెట్టె దించింది. పెట్టె అంటే ఏముంది, ఎదురెదురుగా రెండు స్టీలు రేకులు, వాటికి తీగలు, ఒక తీగ మధ్యలో బల్బు. అమ్మానాన్నలు కొత్తకాపురం పెట్టిన అద్దెగదిలో పొయ్యి వెలిగించడానికి వీల్లేదని ఇంటావిడ ముందే తేల్చి చెప్పింది. నాన్న తక్కువవాడా? రేకుల మధ్య రొట్టెపిండి పోసి, ఆ పిండిలోంచే కరెంటు పంపించేవాడు. బల్బు భగ్గున వెలిగేది. పిండి ఉడికి తడి తగ్గేకొద్దీ మసకబారేది. ఆరిపోయిందంటే రొట్టె అయినట్టే. పొగా లేదు, మంటా లేదు. ఇంటావిడ తలుపు దగ్గర ముక్కు ఎగబీల్చి ఎగబీల్చి, ఏమీ దొరక్క వెళ్లిపోయేదట. ఆ సంగతి చెప్పి నాన్న నవ్వితే ఇల్లు అదిరిపోయేది.

అమ్మ పడుకున్న గదిలోనే బల్ల మీద పెట్టె పెట్టి, పిండి పోసి, ప్లగ్గు పెట్టింది. బల్బు కనీసం మిణుక్కుమనలేదు.

"ఉప్పేశావా?" గోడవైపు తిరిగే అడిగింది అమ్మ.

"లేదమ్మా. నీకు బీపీ కదా అని..."

"నా బీపీ తగలెయ్య! ఉప్పు లేకపోతే కరెంటెలా పారుతుందే? మెకానిక్ కూతురివి, ఆమాత్రం తెలీదూ? ముందు ప్లగ్గు తియ్యి."

అమ్మ లేచొచ్చి, తన చేత్తోనే ఉప్పేసి కలిపింది. కూతురు మళ్లీ ప్లగ్గు పెడితే ఈసారి బల్బు వెలిగింది. అది మసకబారి ఆరిపోయేదాకా ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.

కూతురు ప్లగ్గు తీసి, రొట్టె కోసిచ్చింది. అమ్మ ఒక ముక్క నమిలింది.

"పైన కరకర లేదు, పాడూ లేదు. ఒక్కనాడూ బాగుండలేదే ఈ రొట్టె!"

"మరి అన్నాళ్లు ఎందుకు తిన్నావమ్మా?"

"ఎలా ఉంది, ఎలా ఉందీ అని నా నోటివంకే చూసేవాడు. బాగుందనక ఏమనను?"

అమ్మ నమలడం ఆపింది.

"ఇప్పుడు అడిగేవాడేడే?"

ఆయన పోయాక అమ్మ ఏడవడం అదే మొదలు. ఏడుస్తూనే ఇంకో ముక్క అందుకుంది.