పళ్ళెం మీద వేలు

"లాభం" అన్నాడు బాలకోటయ్య, గొంతు సవరించుకుని.

పక్కన కూర్చున్న భవ్య నవ్వి, అప్పుడు మైకు నొక్కింది. సరుకు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టి, ఆ తర్వాత రెండు, మూడు అనడం ఆయన అలవాటు. ఏళ్ళ తరబడి నోటికి పట్టిన మాట, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టినంత మాత్రాన పోతుందా? చేరిన కొత్తలో మైకు ముందే ఆ మాట అనేసరికి జవాబులు చెప్పే మిషన్లు రెండూ పోటీలు పడి లాభమంటే ఏమిటో వివరించాయి. అప్పటినుంచి ఆయన లాభం అన్నాకే భవ్య మైకు నొక్కుతోంది.

నరసరావుపేట పల్నాడు రోడ్డులో, ఒకప్పటి హోల్‌సేల్ కిరాణా కొట్టు మీది అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. కింద కొట్టు నడిచినన్నాళ్ళూ బాలకోటయ్య అక్కడ కాటా మనిషి. కొట్టు మూతపడ్డాక కూడా ఆయన కాళ్ళు పొద్దున్నే అటే నడిచేవి. వచ్చి, దించిన షట్టరు ముందు అరుగు మీద ఊరకే కూర్చునేవాడు. పైన ఆఫీసు పెట్టిన నదీం మెట్లెక్కుతూ దిగుతూ కొన్నాళ్ళు ఆయన్ని చూశాడు. ఏదన్నా వెతకాలంటే లోకమంతా వాడే పాత సెర్చ్ ఇంజన్ ఒకటి ఉందనీ, దానికి పోటీగా ఎవరో కొత్తది తయారు చేస్తున్నారనీ, రెంటికీ ఒకే ప్రశ్న వేసి ఏ జవాబు మేలో చెప్పడమే తమ పని అనీ ఒకరోజు ఆయనకు వివరంగా చెప్పాడు.

"చదువుకున్నోళ్ళు పుస్తకంలో మాదిరి అడుగుతున్నారు మామా. నీలాగా మామూలుగా అడిగేవాళ్ళు కావాలి. నువ్వు అడుగు, రెండు జవాబులూ చూడు, ఏది బరువుందో చెప్పు. అంతే" అన్నాడు.

బరువు అనే మాట వినగానే బాలకోటయ్య అరుగు దిగాడు.

తెర మీద రెండు గళ్ళుంటాయి. ఎడమ గడిలో ఒక జవాబు, కుడి గడిలో ఒకటి. పైన పేర్లుండవు. చూసేవాడు అలవాటు కొద్దీ ఒక పక్కకు మొగ్గకుండా ప్రతి ప్రశ్నకూ గళ్ళు తారుమారవుతుంటాయి. ఆ సంగతి తెలిసిన రోజే ఆయనకు ఈ పని మీద గురి కుదిరింది. తక్కెడ మీద అనుమానమొస్తే తాను చేసిందీ అదే. సరుకున్న పళ్ళెంలో రాయీ, రాయున్న పళ్ళెంలో సరుకూ పెట్టి మార్చి తూచేవాడు. అయినా పేర్లు దాచినంత మాత్రాన మనిషి గుణం దాగదన్నట్టు, ఏది పాతదో ఏది కొత్తదో ఆయనకు చూడగానే తెలిసిపోయేది. పాతది పది చోట్లు చూపించి, పోయి వెతుక్కోమంటుంది. కొత్తది ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు ఒక్క మాట చెబుతుంది. చెప్పడానికి వివరం చాలకపోతే తిరిగి మననే అడుగుతుంది.

అలా తిరిగి అడగడమే ఇవాళ ఆయన ప్రాణం మీదికి వచ్చింది.

పొద్దున బావి దగ్గర బకెట్టు ఎత్తుతుంటే రొమ్ము మీద ఎవరో బస్తా దించినట్టయింది. అరుగు మీద కూర్చుంటే కాస్త తగ్గింది. లేస్తే మళ్ళీ వచ్చింది. సన్నటి మనిషి, ఎముకలకు తోలు చుట్టినట్టుంటాడు. జ్వరమొచ్చినా పనికి పోయిన ఒళ్ళు అది. ఎడమ జబ్బ లోపల ఏదో లాగుతుంటే కండువాతో దాన్ని గట్టిగా అదిమి పట్టుకుని అన్నం ముందు కూర్చున్నాడు.

"ఏందయ్యా, ముద్ద దిగటం లేదా?" అంది భార్య శ్యామల. కంచంలో చెయ్యి కదిలే చప్పుడు వినబడక అడిగింది. ఆమెకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి అన్నీ పాలు పోసినట్టు కనబడుతున్నాయి. మొన్న పొయ్యి మంట ఎక్కడుందో తెలియక మణికట్టు కాల్చుకుంది. చూపు సరిగ్గా ఉంటే ఆయన ముఖం చూసి ఆ నిమిషంలోనే పట్టేసి ఉండేది.

"ఆకలిగా లేదే."

"రేపు ఖాయమేగా? మళ్ళీ ఏదో ఒకటి అడ్డం రాదుగా?"

రేపు ఆమె కంటి ఆపరేషను. మొదటిసారి ఒంట్లో షుగరు ఎక్కువుందని వెనక్కి పంపారు. ఆ తర్వాత డాక్టరు ఊళ్ళో లేడు. పోయినసారి ఈయనే సైకిల్ మీంచి పడి, ఆసుపత్రికి ఆమెను తీసుకుపోవలసినవాడు తానే పడుకున్నాడు. పిల్లలు లేరు. ఆయన పడితే ఆపరేషను ఆగినట్టే. తనకేదన్నా అయిందని తెలిస్తే ఆమె ఆ ఆపరేషను బల్ల ఎక్కే మనిషి కాదు.

"రాదులేవే. కోటయ్య సామి మీద ఒట్టు" అన్నాడు. అన్నాక ఆ ఒట్టు తలుచుకుని మరింత భయపడ్డాడు. ఈ ఒక్కరోజు గడిచి, రేపు ఆమె కంటికి కట్టు కట్టించి ఇంటికి తెచ్చాక, అప్పుడు చూసుకుందాం తన రొమ్ము సంగతి. దోవ పొడుగునా, ఆఫీసు మెట్లెక్కుతూ కూడా, సామి కొండెక్కే భక్తుల్లా, చేదుకో కోటయ్యా, చేదుకో కోటయ్యా అనుకుంటూనే వచ్చాడు. ఒక్కో మెట్టు మీదా ఆగి, గోడ మీద సున్నం చూస్తున్నట్టు నటించాడు.

ఆఫీసువాళ్ళు ఇచ్చిన ప్రశ్నలు కొన్ని అడిగాక, సొంత ప్రశ్నలు కొన్ని అడగడం అక్కడి పద్ధతి. కందిచేలో పురుగుకు ఏం కొట్టాలన్నాడు. మాచర్ల రైలు సంగతి అడిగాడు. ఆ తర్వాత, గొంతు మామూలుగా ఉండేటట్టు చూసుకుంటూ, అసలు సంగతి ఎత్తాడు.

"మా వీధిలో ఒకాయనకి పొద్దుటినుంచి రొమ్ము బరువుగా ఉంది. ఏందది?"

"ఎవరు బాబాయ్?" అంది భవ్య.

"నీకు తెలీదులేమ్మా."

పాతది తన పద్ధతిలో పరిచింది. వాము నీళ్ళు, అల్లం రసం, కడుపుబ్బరానికి ఆసనాలు, గుండె జబ్బుల గురించి ఒకటి, తెల్లకోటు వేసుకున్న ఎవరిదో వీడియో. కొత్తది జవాబు చెప్పకుండా ఆయన వంకే చూసినట్టు అడిగింది. మీ వీధిలో ఆయనకు నొప్పి ఎడమ చేతిలోకి గానీ దవడలోకి గానీ పాకుతోందా? చెమట పడుతోందా?

పైన ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద ప్రశ్నల కాగితాలు ఎగరకుండా అరకిలో ఇత్తడి రాయి ఉంది. కొట్టు మూసేరోజున, ఏం కావాలయ్యా అని షావుకారు అడిగితే ఆయన తెచ్చుకున్నది ఆ రాయి ఒక్కటే. రోజూ చింతపండుతో తోమి, బల్ల మీద పెట్టుకుంటాడు. ఇప్పుడు దాన్ని పట్టుకుంటే అరచేతి చెమటకు జారిపోయింది.

"బదులు చెప్పాలి బాబాయ్, అడుగుతుందిగా."

"లేదు" అన్నాడు బాలకోటయ్య. "చెయ్యి లాగటం లేదు. చెమటా లేదు."

అలాగైతే అజీర్తి కావచ్చు, విశ్రాంతి తీసుకోమనండి, తగ్గకపోతే వెంటనే డాక్టరుకు చూపించండి అంది కొత్తది.

"ఏది మేలు?"

"సమానం."

భవ్య సమానం నొక్కి, తర్వాతి ప్రశ్నకు పోయింది. ఆయన మాత్రం అక్కడే ఆగిపోయాడు. అజీర్తేనట అని మనసుకు ఎంత నచ్చచెప్పుకున్నా అది నమ్మడం లేదు. ఎలా నమ్ముతుంది? తూకం చెప్పిన అబద్ధం కాదు కదా, తాను పెట్టిన అబద్ధం.

ఒకప్పుడు మిర్చి రేటు మండిపోతున్న కాలంలో, రొంపిచెర్ల నుంచి వచ్చిన రైతు బస్తాలు తూచేటప్పుడు షావుకారు కళ్ళతో సైగ చేశాడు. పళ్ళెం మీద ఒక్క వేలు ఆనిస్తే చాలు, ఎవరికీ తెలియదు. "నా వల్ల కాదు షావుకారుగారూ, ఇంకో మనిషిని చూసుకోండి" అని తక్కెడ వదిలి పక్కకు నిలబడ్డాడు బాలకోటయ్య. షావుకారు నవ్వేశాడు, మరి ఎప్పుడూ అడగలేదు. పొగరనుకున్నవాళ్ళు పొగరన్నారు, అమాయకుడనుకున్నవాళ్ళు అమాయకుడన్నారు. ఆయన చెప్పుకోవడానికి జీవితంలో అదొక్కటే ఉంది. అంత కాలం పెట్టని వేలు, ఇవాళ తన ప్రాణాన్నే తూస్తుంటే పెట్టాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. నదీం అటుగా పోతూ, "ఏంది మామా, ముఖం వాడింది?" అన్నాడు. "ఎండ" అన్నాడు. ఇంతలో జేబులో ఫోను మోగింది.

"ఇదిగో, ఆపరేషనయ్యాక చానా రోజులు తలకు పోసుకోకూడదంట. ఇయాళే పోసుకుంటున్నా. సాయంత్రం వచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు అడిగి రా, ఎక్కడ దొరుకుతాయో" అంది శ్యామల. ఆ గొంతులో పెళ్ళికి పోయే పిల్లకుండే హుషారుంది. పొయ్యి దగ్గర జాగ్రత్తే అని ఫోను పెట్టేశాడు. ఆమె అంత సంతోషంగా లేకపోయినా బాగుండేది అనిపించింది. అప్పుడు చెప్పడం సులువయ్యేది.

ఎండ కిటికీ దాటి బల్ల మీదికి వచ్చేసరికి నొప్పి దవడలోకి ఎక్కింది. పళ్ళన్నీ ఒక్కసారే లాగుతున్నట్టుంది. ఊపిరి సగం దాకా పోయి ఆగుతోంది. నిజంగా భయం వేసింది బాలకోటయ్యకు. చావు భయం కన్నా, రేపు శ్యామల చెయ్యి పట్టుకుని ఆ ఆసుపత్రి గడప ఎవరు దాటిస్తారన్న భయమే ఎక్కువ. అప్పుడు గానీ ఆయనకు వెలగలేదు, ఆమెను దాటించాలంటే ముందు తాను ఉండాలని.

"భవ్యమ్మా, పొద్దుటి ప్రశ్న మళ్ళీ తియ్యి. మార్చి తూయాలి."

"ఏ ప్రశ్న బాబాయ్?"

"మా వీధిలో ఒకాయన." ఆమె మైకు నొక్కేదాకా ఆగి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "పొద్దున నేను చెప్పింది అబద్ధం. చెయ్యి లాగతంది. ఒళ్ళంతా చెమట. దవడ కూడా పట్టేసింది. ఆ ఒకాయన ఎవరో కాదు, నేనే."

గళ్ళు తారుమారయ్యాయి. ఈసారి పాతది కూడా పది చోట్లు చూపించలేదు. అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాలతో, ఇది గుండెపోటు కావచ్చు, వెంటనే 108కు ఫోను చేయండి అంది. కొత్తదీ అదే అంది. చివర మాత్రం ఒక ప్రశ్న వేసింది. మీ పక్కన ఎవరైనా ఉన్నారా?

బాలకోటయ్య ఎడమ గడి చదివాడు, కుడి గడి చదివాడు. రెండు పళ్ళేలూ ఒక మట్టానికి వచ్చి నిలిచాయి. పొద్దుటినుంచి బిగపట్టుకున్నదేదో ఆయనలో సడలింది.

"సమానం. ఇది నిజమైన తూకం. సమానం అని పెట్టమ్మా" అన్నాడు.

భవ్య అప్పటికే కుర్చీ తోసేసి నదీమ్‌ను కేకేస్తూ ఫోను చేస్తోంది. నదీం పరుగున వచ్చి చొక్కా గుండీలు విప్పి, కుర్చీలో వెనక్కి వాల్చాడు.

"నదీమూ, మీ అత్తకి చెప్పబాకండిరా. రేపు కంటి ఆపరేషను అయ్యాక చెప్పండి. అద్దాలు కూడా అడగమంది" అన్నాడు ఆయన. గొంతు చిన్నగా ఉన్నా మాట స్పష్టంగానే ఉంది.

అంబులెన్సు ఆలస్యం చేయలేదు. ఇద్దరు పట్టుకుని మెల్లగా మెట్లు దింపారు. పొద్దున ఆయన ఆగిన ప్రతి మెట్టు మీదా ఇప్పుడు వాళ్ళూ ఆగారు. కింద, మూసిన కొట్టు అరుగు దాటుతుంటే, నదీం మెడ చుట్టూ ఉన్న ఆయన చెయ్యి జారి పక్కకు వేలాడింది. నదీం దాన్ని తీసి మళ్ళీ మెడ మీద వేసుకున్నాడు. అది మళ్ళీ జారింది.

మర్నాడు ఆపరేషను జరగలేదు. మనిషి పోయిన సంగతి ఎవరు దాచినా దాగేది కాదు కదా. తర్వాత చాలా రోజులకు భవ్యే పట్టుబట్టి శ్యామలను కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకుని గడప దాటించింది నదీం.

కట్టు విప్పాక, నల్ల కళ్ళద్దాలతో శ్యామల ఒకసారి ఆఫీసుకు వచ్చింది. మెట్లన్నీ ఎవరి సాయమూ లేకుండా చూసుకుంటూ ఎక్కింది. ఆయన కూర్చున్న కుర్చీ ఏదో చూపించమంది.

"నేను పక్కనే ఉన్నా పిన్నీ" అంది భవ్య. చాలా రోజులుగా చెప్పలేక ఆపుకున్న మాట అది. "నొప్పి ఎట్టా ఉందని ఆ మిషనుకైనా తోచింది అడగాలని. నాకు తోచలా."

"ఇంట్లో ఉన్నదాన్ని, నాకే చెప్పలా. నిన్నేమంటాను తల్లీ" అంది శ్యామల. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి చుట్టూ చూసింది. "ఇప్పుడు అన్నీ కనపడతన్నాయి. ఆ మూల బూజు కూడా."

భవ్య ఇత్తడి రాయి తీసి ఆమె చేతిలో పెట్టబోయింది. శ్యామల దాన్ని దగ్గరగా చూసి, తీసుకోకుండా తల ఊపింది.

"ఉండనీ. కాయితాలు ఎగిరిపోతాయి."

ఆమె వెళ్ళాక భవ్య మైకు దగ్గరికి జరిగింది. నొక్కేముందు తనకు తెలియకుండానే లాభం అంది. తోమేవాళ్ళు లేక కాస్త నల్లబడ్డ రాయి కింద, ఫ్యాను గాలికి కాగితాలు ఒక మూల లేచి పడుతున్నాయి, రాయి మాత్రం ఆయన పెట్టిన చోటే ఉంది.