గుంట నడుమనా, వెనకనా

ఎనభై ఆరు వరదల్లో బసవపున్నయ్య భద్రాచలంలో ఒక సత్రం డాబా మీద రెండు రోజులు చిక్కుకుపోయాడు. దమ్మపేటకు తిరిగొచ్చి, స్నానం చేసి, అన్నం తిని, ఇంటిల్లిపాదికీ ఒక తెరచాప పడవ చేయిస్తానన్నాడు.

"గోదావరి ఎక్కడ, మనమెక్కడ?" అంది భార్య నిర్మలాదేవి.

"మనం పోకపోయినా అదే వస్తుంది. నేను చూశాగా" అన్నాడాయన.

విశాఖపట్నం రేవులో పనిచేసే బావమరిది పడవల బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం పంపాడు. ఒక బొమ్మలో నడిపేవాళ్లు కూర్చునే గుంట పడవ వెనక కొసన ఉంది. ఇంకోదాంట్లో నడుమ ఉంది. ఇంట్లో తగువు అక్కడ మొదలైంది.

వెనక కూర్చుంటే పడవంతా కళ్లముందు ఉంటుందని బసవపున్నయ్య వాదన. నిర్మలాదేవి ఒప్పుకోలేదు. "మీరు వెనక కూర్చుని మంచినీళ్లంటారు, మజ్జిగంటారు. పడవ పొడుగునా పరుగెత్తేది నేను. నడుమే పెట్టించండి." గుంట ఎక్కడున్నా తాను కాళ్లు చాపుకోవాలంది బసవపున్నయ్య తల్లి పద్మావతమ్మ.

బండ్లు చేసే వడ్రంగి బొజ్జయ్యను పిలిపించారు. ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తోలేటోడు ముందట కూసోవాలె గద అయ్యా. ఎనక కూసుంటే ఎద్దులు ఎట్ల కనబడ్తయ్?"

"ఎద్దులుండవయ్యా" అన్నాడు బసవపున్నయ్య.

బొజ్జయ్య బొమ్మలో ఎద్దుల కోసం ఇంకోసారి వెతికాడు.

చివరికి రెండు రకాల గుంటల్లోనూ కూర్చుని చూడాలనుకున్నారు. ట్రాక్టర్ ట్రాలీలో బొజ్జయ్య నడుమ ఒకటి, వెనక ఒకటి బల్లలు బిగించి గుంటలు చేశాడు. వెదురు బొంగు నిలబెట్టి, మిరపకాయలు ఎండబోసే పట్టాను తెరచాపలా కట్టాడు. పట్టా అడుగున ఇంకో బొంగు అడ్డంగా వేలాడింది. చుక్కానికి బదులు వెనక ఒక చెక్కను పిడితో సహా తగిలించాడు. బసవపున్నయ్య వెనక గుంటలో కూర్చుని పిడి పట్టుకున్నాడు. అత్తాకోడళ్లు నడిమి గుంటలో కూర్చున్నారు. ట్రాక్టర్ తోలే లచ్చిరాం భార్య హేమ్లి కూడా, "ఆడోళ్లు ఇద్దరే ఎట్ల పోతరు?" అంటూ వాళ్ల పక్కన ఎక్కింది.

ట్రాక్టర్ బయల్దేరింది. రోడ్డు పల్లానికి దిగేచోట వెనకనుంచి గాలి లేచింది. పట్టా పొట్టలా ఉబ్బింది. ఆ కుదుపుకు ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించే పిన్ను ఊడింది. కాసేపటికి లచ్చిరాం కుడిపక్క చూస్తే, వెనక రావలసిన ట్రాలీ తన పక్కనుంచి ముందుకు పోతోంది.

"అయ్యా! యాడికి పోతున్రు?" అని అరిచాడు.

"నాకేం కనపడట్లేదు! పట్టా అడ్డం!" బసవపున్నయ్య పిడిని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. ట్రాలీ మాత్రం తిన్నగా పోతోంది. అడ్డబొంగు ఆడవాళ్ల తలల మీదుగా ఊగింది.

"తలకాయ వంచుండ్రి!" అని హేమ్లి లేచి, చేతికందిన తాడు ముడి లాగేసింది. పట్టా జారి బసవపున్నయ్య మీద పడింది. ఎదురు మెట్ట ఎక్కలేక ట్రాలీ నెమ్మదించి ఆగింది. పద్మావతమ్మ చాపిన కాళ్లు ముడవకుండానే, "వచ్చేశామా?" అని అడిగింది.

మిరప ఘాటుకు తుమ్ముతూ బసవపున్నయ్య పట్టా కిందనుంచి బయటికొచ్చాడు. ముగ్గురు ఆడవాళ్లూ క్షేమంగా ఉన్నారని చూసుకున్నాడు.

"నడుమే" అన్నాడు. "తాళ్లన్నీ అక్కడికే అందుతున్నాయి. నేను ఎక్కడ కూర్చోవాలి మరి?"

"మా ఎదురుగా కూర్చోండి. జాగా ఉంది" అంది నిర్మలాదేవి.

పడవ పూర్తవడానికి రెండేళ్లు పట్టింది. భద్రాచలం దగ్గర గోదావరిలో దింపిన రోజున చుక్కాని నిర్మలాదేవి పట్టింది, తెరచాప తాడు హేమ్లి పట్టింది. పడవ కొంతదూరం చక్కగా పోయి ఇసుక మేట మీదికెక్కి కూర్చుంది. దిగుదామని ఎవరూ అనలేదు. గుంటలో అందరూ ఎదురెదురుగా కూర్చుని ఉండగా, బసవపున్నయ్య విస్తరాకులు పరిచి పులిహోర వడ్డించాడు.